నల్లకొండ దేశం: రాళ్లూ, నీళ్లూ, తాకట్టూ

మాంటెనిగ్రో గురించి రాసేవాళ్లందరూ రాళ్లతో మొదలుపెడతారు. అక్కడి జనం చెప్పుకునే కథ కూడా రాళ్ల కథే. దేవుడు ప్రపంచాన్ని తయారుచేసి, రాళ్ల సంచి భుజాన వేసుకుని, ఒక్కో చోట కాసిని విసురుకుంటూ పోతున్నాడట. సరిగ్గా ఆ కొండల మీదికి వచ్చేసరికి సంచి చిరిగి రాళ్లన్నీ అక్కడే కుప్పపడ్డాయట. పేదరికానికి ఇంతకంటే సులువయిన సంజాయిషీ దొరకదు. తప్పు ఏ రాజుదీ కాదు, ఏ షావుకారుదీ కాదు, ఆఖరికి దేవుడిది కూడా కాదు, సంచిది. అయితే ఆ రాళ్లలోనే అల్యూమినియం తీసే బాక్సైటు ఉంది. ఆ రాళ్లను కోసుకుంటూ దూకే నదుల్లో కరెంటు ఉంది. ఆ రాళ్లు సముద్రంలో కాళ్లు పెట్టిన చోట యూరపులోని డబ్బున్నవాళ్లందరి కన్నూ పడ్డ తీరం ఉంది. కథలో ఇవేవీ రావు. ఒక దేశం భూగోళాన్ని దాని తలరాతగా చదవటం మనకు బడిపుస్తకాలు నేర్పిన అలవాటు. మన కథల్లో, నవలల్లో కరువునేల వర్ణనలు కూడా చాలాసార్లు ఈ అలవాటులోనే కొట్టుకుపోతుంటాయి. అందుకనే ఈ చిన్న దేశాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

వైశాల్యం 13,812 చదరపు కిలోమీటర్లు. పునర్విభజనకు ముందటి నెల్లూరు జిల్లా కంటే కొంచెం పెద్దది, అంతే. నెల్లూరు జిల్లాలో 2011 నాటికే ముప్ఫయి లక్షలకు దగ్గరగా జనం ఉంటే, ఇక్కడ 2023 లెక్కల్లో తేలినవాళ్లు 6,23,633 మంది. క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, కొసోవో, అల్బేనియా చుట్టూ ఉన్నాయి. ఒక పక్క ఏడ్రియాటిక్ సముద్రం. సొంత భాషలో దేశం పేరు త్సర్నా గోరా, అంటే నల్లకొండ. వెనిస్ వర్తకులు దాన్ని తమ మాటలోకి మార్చి మాంటెనిగ్రో అన్నారు. లోకమంతా వర్తకులు పెట్టిన పేరుతోనే పిలుస్తున్నది.

2006 మే 21న ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పటికి ఇది సెర్బియాతో కలిసి ఒకే రాజ్యంగా ఉంది. విడిపోవాలంటే సగానికి ఒక ఓటు ఎక్కువ వస్తే చాలదు, 55 శాతం రావాలని యూరోపియన్ యూనియన్ షరతు పెట్టింది. ఓటర్లలో 86 శాతానికి పైగా కదలివచ్చారు. విడిపోదామన్నవాళ్లు 55.5 శాతం. గీత దాటించినవి రెండువేల చిల్లర ఓట్లు. జూన్ 3న స్వాతంత్ర్యం ప్రకటించారు. అదే నెల 28న ఐక్యరాజ్యసమితిలో 192వ సభ్యదేశంగా చేరింది. ఒక దేశం పుట్టుకకు ఎంతమంది ఒప్పుకోవాలన్న లెక్క కూడా బయటినుంచే వచ్చిందన్నది ముందుగా గుర్తు పెట్టుకోవలసిన సంగతి.

నిజానికి దీన్ని కొత్త దేశం అనటం సగమే సరి. దీనికి ఇది రెండో స్వాతంత్ర్యం. మొదటిది 1878లో బెర్లిన్ ఒప్పందంతో వచ్చింది. ఆ ఒప్పందం దేశపు విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేసి, బార్ అనే రేవును కూడా ఇచ్చింది. కొండల్లో బిగుసుకుపోయిన గొర్రెల కాపరుల రాజ్యానికి మొట్టమొదటిసారి సముద్రం తగిలింది. కాని ఒప్పందంలోని 29వ అధికరణం చదివితే ఆ సంతోషం నిలవదు. మాంటెనిగ్రో యుద్ధనౌకలు పెట్టుకోకూడదు, బార్ రేవులోకి ఏ దేశపు యుద్ధనౌకా రాకూడదు, ఆ తీరం మీద పోలీసు అధికారం ఆస్ట్రియా-హంగరీది. రేవు నీది, కావలి నాది అన్నమాట. తర్వాత పొగాకు గుత్తాధిపత్యం 1903లో ఇటలీ పెట్టుబడికి పోయింది. రేవు నిర్మాణమూ, అక్కడినుంచి కొండ దాటి సరస్సు ఒడ్డున విర్‌పజార్ దాకా 1908లో నడిచిన చిన్న రైలూ ఇటాలియన్ కంపెనీవే. 1906లో పెర్పెర్ అనే సొంత నాణెం వచ్చింది, 1910లో రాజు నికోలా కిరీటం పెట్టుకున్నాడు. 1916లో ఆస్ట్రియా సైన్యం దేశాన్ని ఆక్రమించింది. 1918లో పోద్గోరిత్సలో కూర్చోబెట్టిన సభ దేశాన్ని సెర్బియాలో కలిపేసింది. నాణెం, కిరీటం, జెండా అన్నీ ఉండి, రేవూ రైలూ పొగాకూ పరాయివాళ్ల చేతుల్లో ఉన్న నలభయ్యేళ్ల స్వాతంత్ర్యం అది. 2006 తర్వాతి కథ తెలుసుకోవటానికి దీన్ని మనసులో ఉంచుకోవాలి.

ఇక నేల సంగతి. దేశాన్ని సముద్రం వైపునుంచి ఎక్కుకుంటూ పోతే ముందు సన్నటి తీరపు పట్టీ వస్తుంది, దాని వెనకాలే గోడలా లేచిన సున్నపురాయి కొండలు. వాటి అవతల జేతా మైదానం, స్కదార్ సరస్సు, రాజధాని పోద్గోరిత్స. ఇంకా ఉత్తరానికి పోతే 2,500 మీటర్ల శిఖరాలు, అడవులు, పచ్చికబయళ్లు, తారా నది తొలిచిన లోయ. ఆ లోయ కొన్ని చోట్ల 1,300 మీటర్ల లోతు. యూరపులో అంత లోతయిన లోయ మరొకటి లేదంటారు.

తీరం వెనక కొండల్లో ఒక విచిత్రం ఉంది. కోతోర్ అఖాతం పైన ఓర్యెన్ పర్వతం మీద త్సర్క్‌విత్సె అనే చోట ఏడాదికి సగటున 4,600 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. యూరపు మొత్తంలో ఇంత వాన పడే ఊరు లేదు. ఆస్ట్రియా సైన్యం అక్కడ శిబిరం వేసుకుని వాన కొలవబట్టి ఈ లెక్కలు మిగిలాయి. 1937లో అయితే ఎనిమిది వేల మిల్లీమీటర్లు దాటింది. అంత వాన పడే కొండల్లో తరతరాలుగా మనుషులు తాగునీటికి అల్లాడిపోయారు. కారణం రాయి. సున్నపురాయిని వాననీళ్లు మెల్లమెల్లగా కరిగించి లోపలంతా బిలాలు, సొరంగాలు చేస్తాయి. పడ్డ నీరు పడ్డట్టే పాతాళానికి పోయి ఎక్కడో సముద్రం అడుగున ఊటగా పైకి వస్తుంది. పాత రాజధాని త్సెతిన్యెకు ఒక నది అంటూ లేదు. రైతు పొలం అంటే కొండ మీద గిన్నెలా కుంగిన గుంట, దాని అడుగున చేరిన పిడికెడు ఎర్రమట్టి, చుట్టూ ఏరి పేర్చిన రాళ్ల గట్టు. ఒక్కో గుంటలో ఒక కుటుంబం తినే బంగాళాదుంపలు పండితే గొప్ప. నేల మీద పడ్డది కళ్ల ముందే జారిపోతుంటే పట్టుకోలేని తనం, ఈ దేశపు భూగర్భశాస్త్రంలోనే ఉంది. ఇదేదో ఉపమానానికి బాగుందని రాయటం లేదు. నిక్షిచ్ మైదానంలో కరెంటు కోసం జలాశయాలు కట్టినప్పుడు ఇంజనీర్లు ఎదుర్కొన్న మొదటి శత్రువు ఈ కారుడే. సిమెంటు పాలు నేల లోపలికి ఎక్కించి, రాతి నోళ్లు మూసి మూసి, చివరకు 1960లో పెరుచిత్స జలవిద్యుత్ కేంద్రం నడిపించారు.

జేతా మైదానం వేరే లోకం. దేశంలో చెప్పుకోదగ్గ సాగుభూమి అంతా అక్కడే. దాని దిగువన స్కదార్ సరస్సు, బాల్కన్ ప్రాంతంలోకెల్లా పెద్దది. ఎండకాలంలో 370 చదరపు కిలోమీటర్లు ఉండేది వానాకాలానికి 500 దాటి ఉబ్బుతుంది. మూడింట రెండు వంతులు మాంటెనిగ్రోవి, మిగతాది అల్బేనియాది. మొరాచా నది నీళ్లు ఇందులో చేరి, బోయనా నదిగా సముద్రానికి పోతాయి. మైదానం కింద గులకరాళ్ల పొరల్లో మంచినీళ్ల నిధి ఉంది. ఈ నీటి పక్కనే, ఈ మంచి నేల మీదనే, అల్యూమినియం ఫ్యాక్టరీ పెట్టారు. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

సాహిత్య విద్యార్థులకు ఈ రాళ్ల దేశం మీద ఇంకో ఆసక్తి కూడా ఉండాలి. 1494లో, కొలంబస్ రెండో ప్రయాణం మీద ఉన్న రోజుల్లో, త్సెతిన్యెలో ఒక పుస్తకం అచ్చయింది. పాలకుడు జురజ్ త్సర్నోయెవిచ్ పెట్టించిన ముద్రణశాలలో, మకారియె అనే సన్యాసి చేతి మీదుగా వచ్చిన ఆ ప్రార్థనా గ్రంథం దక్షిణ స్లావ్ జాతుల్లో సిరిలిక్ అక్షరాలతో అచ్చయిన మొదటి పుస్తకం. రెండు మూడేళ్లలోనే తురుష్క సామ్రాజ్యం ముంచుకొచ్చి ముద్రణశాల మూతపడింది. మళ్లీ అచ్చుయంత్రం రావటానికి దాదాపు మూడున్నర శతాబ్దాలు పట్టింది. తెప్పించినవాడు పీటర్ న్యెగోష్, రాజూ మతగురువూ కవీ ఒక్కడే అయిన మనిషి. 1847లో వియన్నాలో అచ్చయిన ఆయన కావ్యం ‘పర్వతమాలిక’ను ఆ భాషలో అందరూ శిరసున పెట్టుకుంటారు. అదే న్యెగోష్ 1833లో కొండ తెగల మీద మొదటిసారి క్రమబద్ధంగా పన్ను వేశాడు. 1834లో త్సెతిన్యెలో బడి పెట్టాడు. పన్నూ, బడీ, అచ్చుయంత్రమూ ఒకే రెండేళ్లలో వచ్చాయంటే రాజ్యం అనే వస్తువు అక్కడ ఎలా తయారయిందో తెలుస్తుంది. ముప్ఫయి ఏడేళ్లకే క్షయతో పోయాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1852లో, తురుష్కులతో యుద్ధం వచ్చి తుపాకులకు గుళ్లు లేకపోతే, ఆ ముద్రణశాలలోని సీసపు అక్షరాలను కరిగించి గుళ్లుగా పోత పోశారు. సీసం దిగుమతి చేసుకునే స్తోమత లేని దేశంలో అక్షరమే ఖనిజం అయింది.

1945 తర్వాత సోషలిస్టు యుగోస్లావియాలో ఆరు రిపబ్లిక్కుల్లో అన్నిటికంటే చిన్నది ఇది. నెహ్రూ, నాసర్, టిటోల ఫొటోలు మన పత్రికల మొదటి పేజీల్లో వచ్చే రోజుల్లో టిటో దేశం గురించి మనవాళ్లు చాలానే రాశారు గాని, ఆ సమాఖ్యలో వెనకబడిన మూలకు ఏం జరిగిందో రాసినవాళ్లు తక్కువ. ఆ మూల మారింది. నిక్షిచ్‌లో ఉక్కు కర్మాగారం వచ్చింది. యుద్ధంలో బాంబులకు నేలమట్టమయిన పోద్గోరిత్సను టిటోగ్రాడ్ అని పేరు మార్చి కొత్తగా కట్టారు. 1992 దాకా ఆ పేరే. బెల్‌గ్రేడ్ నుంచి బార్ రేవుదాకా 476 కిలోమీటర్ల రైలుమార్గం 1976 మే నెలలో మొదలయింది. దారిలో 254 సొరంగాలు, 435 వంతెనలు. వాటిలో మాలా రియేకా వంతెన నేలనుంచి 198 మీటర్ల ఎత్తు. ప్రపంచంలో అంత ఎత్తయిన రైలువంతెన 2001 దాకా ఇంకొకటి లేదు. ఈ రైలును లాభనష్టాల లెక్క వేసి ఏ కంపెనీ కట్టదు. 1979 ఏప్రిల్ 15న భూకంపం వచ్చి తీరపట్టణాలు కూలి మాంటెనిగ్రోలో 101 మంది చనిపోతే, మళ్లీ కట్టటానికి అన్ని రిపబ్లిక్కుల జనమూ తలాకాస్త చెల్లించారు. రాళ్లు అవే, సంచీ అదే. మారింది ఖర్చు ఎవరు పంచుకున్నారన్నది.

అంతమాత్రాన ఆ కాలానికి మంగళహారతి పట్టనక్కర్లేదు. పీవా నది మీద 220 మీటర్ల ఆనకట్ట కట్టి 1976లో కరెంటు తీసినప్పుడు ప్లూజినె అనే ఊరు మునిగింది, జనాన్ని లేపి వేరేచోట కొత్త ఊరు కట్టారు. మునిగేచోట పదహారో శతాబ్దపు మఠం ఒకటి ఉంది. దాన్ని రాయి రాయి విప్పి, గోడల మీది బొమ్మలను ముక్కలు ముక్కలుగా కోసి, పన్నెండేళ్లు కష్టపడి పైన మళ్లీ నిలబెట్టారు. బొమ్మలు తీసిపెట్టిన ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి. కాని మునిగిన పొలాల మట్టిని ఎవరూ తవ్వి పైకి మోయలేదు. జేతా మైదానంలో 1971 నుంచి నడిచిన అల్యూమినియం ఫ్యాక్టరీ కూడా ఆ కాలపు నిర్ణయమే. బాక్సైటునుంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్రబురదను చెరువుల్లో నింపారు. ఎండితే గాలికి లేచి చుట్టుపక్కల పొలాల మీద, ఇళ్ల మీద పడుతుంది. అడుగున మంచినీళ్ల పొర ఉన్న నేల అది.

ఆ ఫ్యాక్టరీ ఎలా పనిచేస్తుందో కాస్త తెలియాలి. అల్యూమినియం అంటే గడ్డకట్టిన కరెంటు అని ఆ పరిశ్రమలో ఒక మాట ఉంది. ఒక టన్ను లోహానికి పద్నాలుగు పదిహేనువేల యూనిట్ల కరెంటు కావాలి. పూర్తి జోరు మీద ఈ ఫ్యాక్టరీ ఏడాదికి లక్షా ఇరవైవేల టన్నులు తీసేది. లెక్క కడితే నూట డెబ్భయి, ఎనభయి కోట్ల యూనిట్లు. దేశం వాడుకునే కరెంటులో దాదాపు మూడో వంతు ఒక్క గేటు లోపలికే పోయేది. బదులుగా దేశపు ఎగుమతుల్లో సుమారు సగం ఆ గేటునుంచే బయటికి వచ్చేది. ఇలాంటి ఫ్యాక్టరీలో తప్పు జరిగితే అది ఒక కంపెనీ కష్టంగా మిగలదు, బడ్జెట్టే తల్లకిందులవుతుంది.

ఇక్కడ డబ్బు సంగతి చెప్పక తప్పదు. యుగోస్లావియా పగిలిపోయాక సెర్బియాతో కలిసి మిగిలిన మాంటెనిగ్రో, యుద్ధాల పాపంలోనూ ఆంక్షల శిక్షలోనూ వాటాదారు అయింది. 1994 జనవరి ఒక్క నెలలో ధరలు 31 కోట్ల శాతం పెరిగాయి. ఆ శాతాన్ని ఊహించుకోవటం ఎవరివల్లా కాదు. 1993 చివర్లో యాభయివేల కోట్ల దినార్ల నోటు అచ్చు వేశారు. దాని మీద బొమ్మ యోవాన్ యోవానొవిచ్ జ్మాయ్‌ది, పిల్లల పాటలకు పేరుపడ్డ సెర్బు కవి. ఒక కవికి ఇంతకంటే పెద్ద అంకె ఎక్కడా దక్కి ఉండదు, ఇంతకంటే తక్కువ విలువా దక్కి ఉండదు. ఈ పీడకల చూసిన మాంటెనిగ్రో ప్రభుత్వం 1999లో జర్మన్ మార్కును చెల్లుబాటు చేసింది, తర్వాత దినారును వదిలేసింది. జర్మనీ 2002లో యూరోలోకి మారగానే ఇదీ మారింది. యూరోపియన్ యూనియన్‌లో సభ్యత్వం లేదు, యూరో వాడుకోవచ్చన్న ఒప్పందం లేదు, వాడుతున్నారు, అంతే. ఒక చిత్రం చూడండి. న్యెగోష్ బొమ్మ ఇప్పుడు నోటు మీద ఉన్నది సెర్బియాలో, ఇరవై దినార్ల నోటు మీద. ఆయన సొంత దేశంలో చలామణి అయ్యే నోట్ల మీద ఏ దేశానివీ కాని కల్పిత వంతెనలూ, కిటికీలూ ఉన్నాయి.

మార్కువల్ల ధరలు నిలబడ్డాయి, అది చిన్న మేలు కాదు. కూలివాడి జీతం సాయంత్రానికి చిత్తుకాగితం కాకుండా ఆగింది. కాని దాని వెల వేరే చోట కట్టవలసి వచ్చింది. నోటు అచ్చు వేసుకోలేని ప్రభుత్వం, మారకపు విలువ తగ్గించుకోలేని ప్రభుత్వం, డబ్బు కావాలంటే బయటినుంచే తెచ్చుకోవాలి. దానికి దారులు కొన్నే. సరుకు ఎగుమతి చేయాలి, పర్యాటకులు రావాలి, పరదేశాల్లో పనిచేసే బిడ్డలు పంపాలి, ఉన్న ఆస్తి అమ్మాలి, లేదా అప్పు చేయాలి. ఈ దేశం బయటికి పంపే సరుకు విలువకు సుమారు అయిదు రెట్లు దిగుమతి చేసుకుంటుంది. పాలూ, మాంసమూ, గోధుమలూ కూడా అందులో ఉన్నాయి. ఎగుమతి దారి అంత సన్నంగా ఉంటే మిగతా దారుల్లో ఒత్తిడి పెరుగుతుంది. 2006 ముందూ వెనకా జరిగిన అమ్మకాలన్నిటికీ ఇది ఒక్కటే కారణం అనను; అమ్మకాల్లో చేతులు తడుపుకున్నవాళ్లు తప్పకుండా ఉన్నారు. కాని మనుషుల దుర్మార్గం ఒక్కటే చెప్పి ఊరుకుంటే లోపలి యంత్రం కనపడదు.

అల్యూమినియం ఫ్యాక్టరీ 2005లో, అంటే స్వాతంత్ర్యానికి ఏడాది ముందే, రష్యా కుబేరుడు ఒలెగ్ దెరిపాస్కా సంస్థ చేతికి పోయింది. 65 శాతం వాటా, ధర 48.5 మిలియన్ యూరోలు. చవగ్గా కరెంటు ఇవ్వటం బేరంలో భాగం. 2008 మధ్యలో టన్ను మూడువేల డాలర్లు దాటిన అల్యూమినియం 2009 మొదట్లో పద్నాలుగువందల కంటే కిందికి పడింది. అంతే, యజమాని చేతులెత్తాడు, ప్రభుత్వం కొంత వాటా వెనక్కి తీసుకుంది. ఫ్యాక్టరీ బ్యాంకులకు చెల్లించవలసిన అప్పుల మీద 130 మిలియన్ యూరోలకు పైగా ప్రభుత్వ పూచీకత్తు రాసింది. లాభం వచ్చిన ఏళ్లలో యజమాని ఒకడు, నష్టం వచ్చిన ఏళ్లలో పూచీదారు ప్రజలు. 2013 మొదట్లో కరెంటు బాకీలు కట్టలేక ఫ్యాక్టరీ యూరపు ఉమ్మడి విద్యుత్ వలయంనుంచి డబ్బు కట్టకుండానే కరెంటు లాగుకున్నది. ఆ జూలైలో దివాలా. మరుసటి ఏడాది 28 మిలియన్ యూరోలకు స్థానిక వ్యాపారి కొన్నాడు. 2021 చివర్లో, కరెంటు ధరలు ఆకాశానికి ఎక్కినప్పుడు, లోహం తీసే కొలుములు ఆగిపోయాయి. బాక్సైటు నేలలో ఉంది, నీటి కరెంటు నదిలో ఉంది. రెండింటినీ కలిపే పని యాభయ్యేళ్లు నడిచి ఆగింది. ఎర్రబురద చెరువులు మటుకు ఎవరి ఖాతాలోకీ పోలేదు.

2019 నవంబరులో సముద్రం అడుగున 445 కిలోమీటర్ల కరెంటు తీగ ఇటలీకీ ఈ దేశానికీ మధ్య పనిచేయటం మొదలుపెట్టింది. పాత రాజ్యంలో ఇటలీనుంచి రైలూ, రేవూ వచ్చాయి. ఇప్పుడు తీగ వచ్చింది. కరెంటు ఎటు పోవాలో ఇకమీద ధర నిర్ణయిస్తుంది. నష్టమేనని చెప్పలేం. వానాకాలంలో మిగిలిన కరెంటుకు మంచి గిరాకీ దొరకవచ్చు. అయితే తన నీటితో తన రాయిని లోహం చేసుకునే దేశంగా కాకుండా, నీటి ధర ఇంకొకరి బజారులో చూసుకునే దేశంగా మారటం చిన్న మార్పు కాదు.

ఉత్తరాన ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. వేసవిలో గొర్రెలను తోలుకుపోయి ఎత్తు మీద బయళ్లలో గుడిసెలు వేసుకుని వెన్న, జున్ను చేసుకునే బతుకు సన్నగిల్లిపోయింది. పిల్లలు పోద్గోరిత్సకో, తీరానికో, జర్మనీకో పోతారు. ఉత్తరాన్ని దక్షిణంతో కలపాలన్నది పాత కల. ఆ లోయల్లో వంతెన అంటే ఏమిటో తారా నది మీది కథ చెబుతుంది. 1940లో పూర్తయిన ఆ 365 మీటర్ల వంతెన కట్టటంలో పనిచేసిన లాజర్ యౌకొవిచ్ అనే ఇంజనీరే 1942లో, ఇటాలియన్ సైన్యం దాటకుండా, దాని కమాను ఒకటి పేల్చాడు. పట్టుబడ్డాక ఆ వంతెన దగ్గరే కాల్చి చంపారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ కట్టారు.

ఇప్పటి రహదారి కథలో వీరుడు లేడు, బ్యాంకు ఉంది. బార్ నుంచి సెర్బియా సరిహద్దుదాకా వేయవలసిన పెద్దరోడ్డులో ముందుగా కష్టమయిన 41 కిలోమీటర్ల ముక్క, స్మోకోవత్స్ నుంచి మతేషెవో దాకా, 2014లో చైనా కంపెనీకి ఇచ్చారు. చైనా ఎగ్జిమ్ బ్యాంకు ఖర్చులో 85 శాతం, 944 మిలియన్ డాలర్లు, రెండు శాతం వడ్డీకి అప్పిచ్చింది. వడ్డీ తక్కువే. కాని అప్పు డాలర్లలో, దేశం సంపాదించేది యూరోలలో. డాలరు పెరిగినప్పుడల్లా రోడ్డు పొడుగు పెరగకుండానే అప్పు పెరుగుతుంది. కోవిడ్‌తో పర్యాటకులు ఆగిన 2020లో ప్రభుత్వ రుణం దేశ వార్షికోత్పత్తిని దాటింది. 2021లో పశ్చిమ దేశాల బ్యాంకులతో ఒప్పందం చేసుకుని మారకపు ప్రమాదాన్ని తగ్గించుకున్నారు, అంటే ఒక అప్పుకు కాపలాగా ఇంకో ఒప్పందం. పశ్చిమ దేశాల పత్రికలు దీన్ని చైనా ఉచ్చు అని పుంఖానుపుంఖాలుగా రాశాయి. బార్ రేవు ఇటలీ కంపెనీ చేతిలో ఉన్న రోజుల్లో ఆ మాట ఎందుకు పుట్టలేదో ఆ పత్రికలు చెప్పవు. రోడ్డు 2022 జూలైలో తెరిచారు. అందంగానే ఉంది, సొరంగం వెంట సొరంగం, వంతెన వెంట వంతెన. కొండల నడుమ మతేషెవో దగ్గర ఆగింది. కడుతున్నప్పుడు తారా ఒడ్డున పడ్డ గాయాల మీద దేశంలోనే గొడవ జరిగింది.

ఇక మిగిలింది తీరం. 2019లో ఈ దేశానికి 26 లక్షల మంది పర్యాటకులు వచ్చారు, జనాభాకు నాలుగు రెట్లు. దేశ ఆదాయంలో సుమారు నాలుగో వంతు వాళ్లమీదనే ఆధారపడి ఉంది. తివత్‌లో 1889లో ఆస్ట్రియా నౌకాదళం పెట్టిన ఓడల మరమ్మతు కర్మాగారం ఉండేది. యుగోస్లావియా కాలమంతా తరతరాల కార్మికులు అందులో పనిచేశారు. 2006లో దాన్ని కెనడా బంగారుగనుల యజమాని పీటర్ మంక్ బృందం కొని, ధనికుల విహారనౌకలు ఆపుకునే రేవుగా మార్చింది. స్వేతి స్తెఫాన్ అనే దీవి పదిహేనో శతాబ్దంనుంచి జాలరుల ఊరు. దాన్ని 1950లలో ఖాళీ చేయించి, 1960కల్లా ఊరు మొత్తాన్ని హోటలు చేసింది సోషలిస్టు ప్రభుత్వమే. 2007లో ముప్ఫయి ఏళ్ల కౌలుకు ఒక అంతర్జాతీయ విలాస హోటళ్ల సంస్థకు ఇచ్చారు. 2021లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా ఇసుక మీదికి మమ్మల్ని రానీయరా అని తిరగబడితే, సంస్థ తలుపులు మూసేసింది. ఊళ్లో ఇళ్లు ఉన్నాయి, వాటికి పెంకులు ఉన్నాయి, గుడి ఉంది. వాటిలో పుట్టి పెరిగినవాళ్లు లేరు.

ఉల్త్సిన్ ఉప్పుమళ్ల కథ దీనికి భిన్నం. అల్బేనియా సరిహద్దు దగ్గర బోయనా నది సముద్రంలో కలిసేచోట 1935 నుంచి సుమారు పదిహేను చదరపు కిలోమీటర్లలో ఉప్పు పండించారు. సముద్రపు నీటిని పంపులతో మళ్లలోకి తోడి, మడి నుంచి మడికి వదులుతూ, ఎండకు చిక్కబరచి ఉప్పు తీసే పద్ధతే. ఒక్కో మడిలో ఒక్కో లోతు, ఒక్కో ఉప్పదనం. ఆ తేడాల వల్లనే రాజహంసలతో సహా వేలాది వలసపక్షులు ఆఫ్రికా దారిలో దిగటం మొదలుపెట్టాయి. 2005లో కంపెనీ ఒక ప్రైవేటు నిధి చేతికి పోయింది. ఆ తర్వాత దివాలా, 2013లో ఆఖరి పంట. ఆ నేల మీద హోటళ్లు, విలాసభవనాలు కట్టే ఆలోచనలు బయటపడ్డాయి. పని ఆగగానే పంపులు ఆగాయి. కట్టలు తెగి, వాన నీరూ నది నీరూ చేరి, మళ్లలో ఉప్పదనం పోయింది. పక్షులు తగ్గిపోయాయి.

దాన్ని కాపాడుకోవాలని పోరాడినవాళ్లకు అప్పుడు ఒక సంగతి స్పష్టమయింది. అందరూ ప్రకృతి అనుకుంటున్నది కార్మికుల పని ఫలితం. మనిషి నీరు తోడటం మానితే ఆ పక్షులకు చోటు ఉండదు. అందుకని వాళ్ల కోరికల్లో మొదటిది పక్షుల కోసం కంచె వేయమని కాదు, పంపులు నడిపించమని, కట్టలు కట్టమని, ఉప్పు తీసే పని మళ్లీ మొదలుపెట్టమని. దేశంలోనూ బయటా సంతకాలు సేకరించారు, ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చారు. 2019లో ఉల్త్సిన్ పట్టణ సభ ఆ మళ్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఆ ప్రకటనతో హోటళ్ల ఆలోచన వెనక్కి తగ్గింది. భూమి యాజమాన్యం ప్రభుత్వానిదా, వాటాలు కొన్న నిధిదా అన్న తగవు మాత్రం ప్రకటన తర్వాత కూడా నడిచింది.